గాలి సోకని ఆయువు

షట్టర్ పడగానే బొమ్మ ఫిల్ము మీదికి వచ్చేస్తుంది. కాకపోతే ఎవరికీ కనపడదు. వెలుగు తగిలిన ఒక్కో వెండి లవణపు స్ఫటికంలో నాలుగైదు వెండి పరమాణువులు మాత్రం విడివడి ఒకచోట చేరతాయి. ఆ స్ఫటికంలో వెండి వందల కోట్ల పరమాణువుల లెక్కన ఉంటే వెలుగు కదిలించేది ఆ నాలుగైదింటినే. మిగిలిన పనంతా డెవలపర్‌ది. ఆ చిన్న గుర్తును ఆనవాలు పట్టి, స్ఫటికం మొత్తాన్నీ నల్లటి వెండిగా మార్చేస్తుంది. గుర్తు లేని స్ఫటికం జోలికి, ఇచ్చిన గడువులోపల, దాదాపు పోదు. 1840లో ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ గాలిక్ ఆమ్లంతో ఇలా దాగి ఉన్న బొమ్మను బయటికి రప్పించాడు. అప్పటినుంచి ఫిల్ము ఫొటోగ్రఫీ అంతా ఆ దారినే నడిచింది.

రీలు కడగడం ఒక్కసారే జరుగుతుంది. ప్రింటు చెడితే మరో కాగితం తీసుకోవచ్చు. చచ్చిపోయిన డెవలపర్‌లో ముంచి, ఆ మీదట, మారని వెండి లవణాన్ని కరిగించేసే హైపోలో వేసిన రీలును ఎవరూ వెనక్కి తేలేరు. కనపడని బొమ్మ హైపోలో కరిగిపోయి, ఇక ఎన్నటికీ కనపడకుండా పోతుంది. అందుకే అలమరలో ఉన్న డెవలపర్ సీసాకు ఇంకా ప్రాణం ఉందా లేదా అన్నది నాకు చిన్న ప్రశ్నగా ఎప్పుడూ అనిపించలేదు. ఆ ప్రశ్న వెంట పోయినకొద్దీ, దాచుకోవడం గురించీ నమ్మకం గురించీ ఆ సీసా నాకు చాలా చెప్పింది.

డెవలపర్ గుణం ఇవ్వడం. వెండి అయాన్‌కు ఒక ఎలక్ట్రాన్ ఇస్తుంది, అది వెండి అవుతుంది. రసాయనం అంతవరకే. ఇచ్చే స్వభావం ఎంత చురుగ్గా ఉంటే డెవలపర్ అంత బాగా పనిచేస్తుంది. అయితే పుచ్చుకునేవాళ్లలో వెండి ఒక్కటే లేదు. గాలిలో అయిదో వంతు ఉన్న ఆక్సిజన్‌కు వెండి కంటే ఆత్రం ఎక్కువ. మూత తీసిన ప్రతిసారీ అది సీసాలోకి దూరి, ఫిల్ముకు అందవలసినది తాను తీసుకుపోతుంది. డెవలపర్‌కున్న సుగుణమే దానికి గండం. ఇవ్వడం మాన్పిస్తే అది డెవలపర్ కాకుండా పోతుంది. ఇవ్వనిస్తే గాలికి ధారపోస్తుంది. నూట ఎనభై ఏళ్లకు పైగా ఫొటోగ్రఫీ రసాయనజ్ఞులు ఈ రెంటి మధ్యా దారి వెతుకుతూనే ఉన్నారు.

తొలినాళ్లలో పైరోగాలాల్ అనే డెవలపర్‌తో పని చేసినవాళ్లకు దాచుకోవడమనే మాటే లేదు. క్షారం కలిపిన పైరో చూస్తుండగానే గోధుమరంగుకు తిరుగుతుంది. అందుకే దాన్నీ క్షారాన్నీ వేర్వేరు సీసాల్లో ఉంచుకుని, ప్లేటు కడిగే ముందు కలుపుకునేవారు. 1880ల మొదట్లో హెర్బర్ట్ బౌయర్ బర్క్‌లీ అందులో సల్ఫైట్ కలిపితే మేలని చూపించాడు. సల్ఫైట్ రెండు పనులు చేస్తుంది. లోపలికి వచ్చిన ఆక్సిజన్‌లో కొంత తానే పుచ్చుకుంటుంది. అప్పటికే పాడైన డెవలపర్ అణువులతో కలిసి, వాటివల్ల మరింత చెడుగు పుట్టకుండా, రంగు అంటకుండా చూస్తుంది. ఇవాళ్టికీ చాలా డెవలపర్లలో పెద్ద పాలు సల్ఫైట్‌దే. కోడక్ 1927లో ఇచ్చిన డి-76 పాళ్లు చూస్తే తెలుస్తుంది: లీటరుకు మెటాల్ 2 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు. పనిచేసేవి ఏడు గ్రాములు, వాటిని కాచుకునేది వంద. ఆ సల్ఫైట్ బొమ్మలోని వెండి రేణువును కొంత మెత్తబరుస్తుంది కూడా, నిజమే. అయినా ఆ నిష్పత్తి చూసినప్పుడల్లా ఇచ్చేవాళ్లను నిలబెట్టడానికి ఎంత బలగం కావాలో గుర్తుకొస్తుంది.

అంత కాపలా ఉన్నా కలిపిన డి-76కు కోడక్ చెప్పే ఆయువు, నిండా నింపి మూత బిగించిన సీసాలో ఆరు నెలలు. సీసా సగమైతే రెండు నెలలు. మందు అదే, సీసా అదే, గది అదే. మధ్యలో వచ్చి చేరింది గాలి ఒక్కటే. ఈ ఒక్క లెక్క ఒంటబడితే నిలవ గురించి తెలుసుకోవలసినదాంట్లో సగం తెలిసినట్టే.

మిగతా సగం రోడినాల్ చెబుతుంది. 1891లో జర్మనీలో ఆగ్ఫా సంస్థకు చెందిన మొమ్మె ఆండ్రెసెన్ దానికి పేటెంటు తీసుకున్నాడు. పారా అమినోఫినాల్, గాఢమైన పొటాషియం క్షారం, సల్ఫైట్ కలిసి ఉన్న చిక్కటి ద్రావణం అది. కావలసినప్పుడు కాసిని చుక్కలు తీసి, ఇరవై అయిదు రెట్లో యాభై రెట్లో నీళ్లు కలిపి, వాడి పారబోయడమే. పొడులు తూచే పని లేదు, వేడినీళ్లలో కరిగించే పని లేదు. ఆ చిక్కదనంలోనే దాని ఆయువు ఉంది. తెరిచిన సీసాలు ఏళ్ల తరబడి పనిచేస్తాయి. దశాబ్దాల నాటి సీసాలు దొరికితే వాటితో చక్కగా రీళ్లు కడుక్కున్నవాళ్లు ఉన్నారు. యాభై రెట్లు పలచన చేసిన మరుక్షణం నుంచి అదే రోడినాల్ గంటల లెక్కలోకి వచ్చేస్తుంది. చిక్కగా ఉన్నంతకాలం నిలుస్తుంది, పలచనైతేనే పనికొస్తుంది. పనిలోకి దిగడం, ఆయువు కరిగిపోవడం ఒకే క్షణంలో మొదలవుతాయి.

ఆ మందు తన తయారీదారును కూడా దాటి బతికింది. ఆగ్ఫాఫొటో 2005లో దివాలా తీసింది. రోడినాల్ మాత్రం ఆడాక్స్ వంటి తయారీదారుల చేతుల మీదుగా, కొన్నిచోట్ల ఆర్‌09 అన్న పేరుతో, ఇప్పటికీ అమ్ముడవుతోంది. కోడక్ పెట్టె కెమెరా వచ్చిన మూడేళ్లకు పుట్టిన ద్రావణాన్ని ఇవాళ కొని, ఇవాళ్టి రీలు కడుక్కోగలగడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

కోడక్ 1962లో తెచ్చిన హెచ్‌సి-110 ఇంకో దారి పట్టింది. పాత హెచ్‌సి-110 తేనెలా సాగే పాకం. అందులో నీరు దాదాపు లేదు. డెవలపర్ అణువు ఎలక్ట్రాన్‌ను చురుగ్గా ఇవ్వాలంటే క్షారం కావాలి, క్షారం తన పని చేయాలంటే నీరు కావాలి. నీరు తీసేస్తే ఇచ్చే గుణమే నిద్రపోతుంది. గాలి వచ్చినా పెద్దగా దోచుకోలేదు. ట్యాంకులో ముప్పై ఒక్క పాళ్ల నీళ్లతో కలిసినప్పుడు అది లేచి పనిలోకి దిగుతుంది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ తన 'ది నెగటివ్' పుస్తకంలో చెప్పుకున్న డెవలపర్లలో ఇదీ ఉంది. 2019లో తయారీ మారాక ఆ పాకం పలచబడింది. కాబట్టి పాత సీసా మీద పెరిగిన నమ్మకాన్ని కొత్త సీసాకు యథాతథంగా బదిలీ చేయకూడదు. పేరు ఒకటే అయినా లోపలి మందు వేరు.

ఇక ఎక్స్‌టాల్. 1996లో కోడక్ దీన్ని విటమిన్ సికి దగ్గరి చుట్టమైన ఆస్కార్బేట్‌తో తయారు చేసింది. సన్నని రేణువు, నీడల్లో మంచి వివరం, చేతికీ నీటికీ తక్కువ హాని: అది తెచ్చిన మేలు తక్కువది కాదు. చావు మాత్రం దానిది మౌనంగా జరుగుతుంది. మెటాల్, హైడ్రోక్వినోన్ ఉన్న ద్రావణాలు పాడవుతుంటే పసుపుకో గోధుమకో తిరిగి కొంత కబురు పంపుతాయి. ఆస్కార్బేట్ పాడైనా ద్రావణం తేటగానే కనిపిస్తుంది. నిన్న వాడినట్టే ఇవాళ పోస్తే, రీలు ఖాళీగా బయటికి రావచ్చు. నీటిలో ఇనుము, రాగి లేశమాత్రంగా ఉన్నా ఆస్కార్బేట్ చెడిపోవడం వేగమవుతుంది. మన ఊళ్లలో బోరు నీళ్లతో కలిపేవాళ్లు ఈ మాట ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. నిలవ పెట్టుకునే ద్రావణం కలపడానికి డిస్టిల్డ్ వాటర్ వాడడమే క్షేమం. దాని ఖర్చు ఒక రీలు ధర ముందు లెక్కలోకి రాదు.

రోడినాల్, ఎక్స్‌టాల్ సీసాలు పక్కపక్కన పెట్టి చూస్తే కంటికి అందే సాక్ష్యం తలకిందులవుతుంది. రోడినాల్ నల్లటి కాఫీ రంగుకు తిరిగి, అడుగున స్ఫటికాలు పేరుకుని, చూడగానే పారబోయాలనిపించేలా ఉంటుంది. అయినా బతికే ఉంటుంది. ఎక్స్‌టాల్ ఊటనీరులా మెరుస్తూ చచ్చి ఉండవచ్చు. రంగును నమ్మి ఒకదాన్ని పారబోసినవాడు మంచి మందును పోగొట్టుకుంటాడు. రంగును నమ్మి రెండోదాన్ని పోసుకున్నవాడు బొమ్మల్ని పోగొట్టుకుంటాడు. మనిషి ముఖం చూసి ఆరోగ్యం చెప్పేయడం మనకు అలవాటు. ఈ రెండు సీసాలు ఆ అలవాటును గట్టిగా మందలిస్తాయి.

అట్ట మీది గడువు తేదీ కూడా అంతే. తయారీదారు తాను ఎన్నాళ్ల వరకు పూచీ పడతాడో అది చెబుతుంది. ఆ సీసా మన ఇంట్లో ఎలా బతికిందో దానికి తెలియదు. మే నెల మధ్యాహ్నం రేకుల గదిలో కాగిందో, అడుగు అలమరలో చల్లగా ఉందో, మూత వదులుగా పెట్టామో, ఆ తేదీకి ఏమీ పట్టదు. నేను తయారీ తేదీ పక్కన మొదటిసారి మూత తీసిన తేదీ రాసి అంటిస్తాను. నాకు ఎక్కువ పనికొచ్చేది ఆ రెండోదే.

మరి దేన్ని నమ్మాలి? మందునే అడగాలి. రీలును ట్యాంకులోకి ఎక్కించే ముందు దాని కొసన కెమెరాలో వెలుగు చూసేసిన ముక్క ఎలాగూ కత్తిరిస్తాం. ఆ ముక్కను, వాడబోయే పాళ్లలో కలిపిన డెవలపర్‌లో, పగటి వెలుగులోనే వేయాలి. ప్రాణమున్న డెవలపర్ అయితే ముక్క నల్లబడడం నిమిషాల్లో మొదలై, రీలుకు ఇచ్చే సమయం అయ్యేసరికి చిక్కటి నలుపవుతుంది. తాజా మందుతో అదే ఫిల్ము ముక్క ఎంత నల్లబడిందో ఒకటి దాచి ఉంచుకుంటే పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. బూడిదరంగు దగ్గరే ఆగిపోతే ఆ మందు బలం తగ్గినట్టు. ఏమీ కాకపోతే చచ్చినట్టు. పారేసే అంగుళం ముక్క ముప్పై ఆరు బొమ్మల్ని కాపాడుతుంది. ఎంత నమ్మకమున్న సీసానైనా నేను ఇలా అడిగాకే వాడతాను. అడగడాన్ని అనుమానం కింద జమకట్టడం నాకు సమ్మతం కాదు. విలువైన పని అప్పగించేముందు అడిగి తెలుసుకోవడమే అసలైన నమ్మకం.

దాచే పద్ధతి మన ఇళ్లలో ఆవకాయ పెట్టేవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పెద్ద జాడీని రోజూ తెరవరు. నెలకు సరిపడా చిన్న సీసాలోకి తీసుకుని, జాడీకి మళ్లీ వాసెన కడతారు. తడి గరిటె లోపల పెట్టనివ్వరు. తీసినదాంట్లో మిగిలితే తిరిగి జాడీలో వేయరు. చిక్కటి డెవలపర్‌కు కావలసిన నియమాలు సరిగ్గా ఇవే. కొన్న రోజునే పెద్ద సీసాను చిన్న చిన్న గాజుసీసాల్లోకి మార్చి, ఒక్కోదాన్నీ మెడదాకా నింపి మూత బిగించాలి. ఒకటి వాడుతుంటే మిగతావి గాలి మొహం చూడవు. తీయడానికి పొడి సిరంజి వాడాలి. హెచ్‌సి-110 లాంటివాటిలో నీటిచుక్క పడితే, వాటిని కాపాడుతున్న నీరులేమినే మనం చెడగొట్టినట్టు.

సీసా గాజుది కావాలనడంలో చాదస్తం లేదు. ఒత్తితే ముడుచుకునే మెత్తని ప్లాస్టిక్‌లోంచి ఆక్సిజన్ నెమ్మదిగా లోపలికి నడిచి వస్తుంది. గాలిని బయటికి నెట్టేందుకని అమ్మే మడతల సీసాలు చాలావరకు అలాంటి ప్లాస్టిక్‌వే. అప్పటికి గాలిని గెంటినా ఆ తర్వాత గోడల్లోంచి రానిస్తాయి. కూల్‌డ్రింకు సీసాల ప్లాస్టిక్ ఈ విషయంలో కొంత మెరుగు. అయితే కూల్‌డ్రింకు సీసాలో మాత్రం డెవలపర్‌ను ఎన్నడూ పోయకూడదు. దాహంతో వచ్చిన పిల్లవాడికి అది రసాయనమని తెలియదు. గాజులోంచి గాలి రాదు. మందు తగ్గినకొద్దీ శుభ్రంగా కడిగి ఆరబెట్టిన గాజు గోళీలు వేసి మట్టాన్ని పైకి తెచ్చేవాళ్లు ఉన్నారు. గాలికంటే బరువైన ఆర్గాన్ వాయువును పైన పరిచేవాళ్లు ఉన్నారు. ఇంకా చిన్న సీసాలోకి మార్చడం అన్నింటికంటే తేలిక. గోధుమరంగు గాజు దొరికితే మంచిదే. కానీ డెవలపర్‌కు వెలుతురు కంటే గాలి పెద్ద శత్రువు. రంగు గాజు కోసం వెతుకుతూ మూత సంగతి మరిచిపోకూడదు.

మన ప్రాంతంలో రెండో శత్రువు ఎండ. రసాయన చర్యల వేగం పది డిగ్రీలకు దాదాపు రెట్టింపు అవుతుందన్నది మోటు లెక్క. ఆ లెక్కన పాతిక డిగ్రీల అలమరలో ఏడాది నిలిచే ద్రావణం నలభై అయిదు డిగ్రీల గదిలో మూడు నెలలకే ఆ గతికి వస్తుంది. రెంటచింతల, రామగుండం వేసవి తెలిసినవాళ్లకు ఆ నలభై అయిదు కొత్తేమీ కాదు. చల్లటి దేశాల్లో రాసిన గడువుల్ని మన వేసవికి తగ్గించుకుని చదువుకోవాలి. అలాగని ఫ్రిజ్‌లో పెట్టడమూ సరికాదు. చలికి చిక్కటి ద్రావణంలో కరిగి ఉన్నవి స్ఫటికాలై విడిపోతాయి. అవి పూర్తిగా తిరిగి కరగకుండా పైది తీసి వాడితే పాళ్లు తప్పుతాయి. తిండి పెట్టుకునే చోట రసాయనం ఉండనూ కూడదు. ఇంట్లో ఎండ పడని గోడ వారగా, నేలకు దగ్గరగా, పిల్లల చేతికందకుండా తాళం వేసిన అలమర చాలు.

ఇవన్నీ ఇంత శ్రద్ధగా మాట్లాడుకోవలసి రావడం వెనక ఇంకో కారణం ఉంది. నా చిన్నతనంలో చూసిన స్టూడియోల్లో డెవలపర్ ఎన్నాళ్లు నిలుస్తుందని ఎవరూ చర్చించగా నేను వినలేదు. మెటాల్, హైడ్రోక్వినోన్ పొట్లాలు తెచ్చుకుని చిన్న తక్కెడలో తూచేవారు. చిటికెడు సల్ఫైట్, ఆ వెనక మెటాల్, అది కరిగాక మిగిలిన సల్ఫైట్. ఎక్కువ సల్ఫైట్ ముందే పడితే మెటాల్ సరిగా కరగదని చేతికి తెలుసు. కలిపింది పెళ్లిళ్ల రీళ్లకూ పాస్‌పోర్టు ఫొటోలకూ చెల్లిపోయేది. చెడిపోయేంత తీరిక ఆ మందుకు ఉండేది కాదు. దాన్ని కాపాడింది సల్ఫైట్ కంటే గిరాకీ. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 'ఇందు' ఫిల్ములు తయారుచేసిన కాలం అది. ఇప్పుడా ఫ్యాక్టరీ లేదు, ఆ స్టూడియోల్లో చీకటి గదులూ లేవు. ఇవాళ ఫిల్ము వాడే మనిషి ఏ నెలకో రెండు నెలలకో ఒక రీలు కడుగుతాడు. డెవలపర్ సీసా ఆ మధ్యకాలమంతా ఒంటరిగా గడపాలి. నిలవ ప్రశ్న పుట్టింది అక్కడే. పని తగ్గిన చోటే దాచుకోవడం పెద్ద విద్య అవుతుంది.

కనపడని బొమ్మ కూడా ఎదురుచూడగలదు, కొన్నిసార్లు నమ్మలేనంత కాలం. 1897లో స్వీడన్‌కు చెందిన ఎస్. ఎ. ఆంద్రే మరి ఇద్దరితో కలిసి బెలూన్‌లో ఉత్తర ధ్రువానికి బయలుదేరాడు. బెలూన్ మంచు మీద దిగిపోయింది. నెలల తరబడి నడిచి, క్విటోయా అనే దీవిలో ముగ్గురూ ప్రాణాలు విడిచారు. 1930లో వారి ఆనవాళ్లతోపాటు వాళ్లు తీసిన ఫిల్ములూ దొరికాయి. ముప్పై మూడేళ్లు మంచులో తడిసిన ఆ ఫిల్ముల్ని స్టాక్‌హోంలో యోన్ హెర్ట్స్‌బెర్గ్ ఎంతో ఓపికగా కడిగాడు. దాదాపు 240 ఫ్రేముల్లో 93 బొమ్మలు బయటపడ్డాయి. మంచు మీద ఒరిగిపోయిన బెలూన్, దాన్ని చూస్తూ నిలబడిన మనుషులు ఇవాళ మనకు కనిపిస్తున్నది అందుకే. ఫిల్ము తన ఓపిక చూపింది. కడిగిన మనిషి ఆ ఓపికకు తగ్గ జాగ్రత్త చూపాడు.

ఆ ఓపికను మనం అలుసుగా తీసుకోకూడదు. అక్కడ కూడా సగానికి పైగా ఫ్రేములు పోయాయి, కాపాడింది ధ్రువపు చలి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ 1984లో చనిపోయేనాటికి సుమారు 2,500 రీళ్లు కడగకుండా మిగిలాయి. వాటిని తర్వాత ఇతరులు కడిగారు, ఎంచారు, ప్రదర్శించారు. తన బొమ్మ తన కళ్లతో చూసుకుని, ఇది కావాలి, ఇది వద్దు అనుకునే అవకాశం మాత్రం ఆయనకు దక్కలేదు. ఆ పని ఇంకెవరు చేసినా ఆయన చేసినట్టు కాదు.

ఇన్నేళ్లుగా ఈ సీసాల మధ్య ఉండి నేను గట్టిగా నమ్మేది ఇది: డెవలపర్‌ను జాగ్రత్తగా దాచడం తెలిసి ఉండాలి, కానీ దాని సార్థకత ఖర్చయిపోవడంలోనే ఉంది. గాలికి ఇచ్చినా ఫిల్ముకు ఇచ్చినా అది ఇచ్చే ఎలక్ట్రాన్ ఒక్కటే. ఒకచోట ఇస్తే ఏమీ మిగలదు, రెండోచోట ఇస్తే ఒక మనిషి ముఖం మిగులుతుంది. మనం చేసే జాగ్రత్తలన్నీ ఆ ఎలక్ట్రాన్ రెండోచోటికి చేరేలా చూడడానికే.

మీ అలమరలో సగమైన సీసా ఉంటే, డ్రాయరులో ఎప్పటిదో రీలు ఉంటే, ఈ ఆదివారం ముక్క కత్తిరించి మందును అడగండి. అది నల్లగా బదులిస్తే రీలు కడిగేయండి. ఆ తర్వాత మిగిలిన మందును రెండు చిన్న గాజుసీసాల్లోకి మెడదాకా నింపి, ఒకటి మీ ఊళ్లో ఫిల్ము వాడే ఇంకొకరికి ఇవ్వండి. సీసాలో గాలికి చోటుండదు, మందుకు పని రెట్టింపవుతుంది. నాకు తెలిసి దాని ఆయువును పెంచే మార్గాల్లో ఇంతకు మించింది లేదు.